వెన్నగిన్నెలో ఎల్లిపాయ కారం

పెద్ద హోటళ్లలో ఒంటరిగా భోజనానికి వెళ్లిన ఆడమనిషికి మొట్టమొదట వడ్డించేది ప్రశ్న. ఒక్కరేనా అని. అవునన్నాక ఎదుటి కుర్చీ ముందున్న ప్లేటూ గ్లాసూ చెంచాలూ ఒక్కొక్కటే తీసేస్తారు, రావలసినవాళ్లెవరో రామని కబురు పంపినట్టు. ఖాళీ అయిన కుర్చీలో నేను నా హ్యాండ్‌బ్యాగును కూర్చోబెడతాను. మితభాషి, పైగా నా ప్లేటులోకి తొంగి చూడదు.

రక్తపరీక్షల యంత్రాలు అమ్మే హైదరాబాదు కంపెనీ మాది. యంత్రం కొన్న ఆస్పత్రులకు వెళ్లి, దాన్ని వాడటం నేర్పి రావడం నా పని. బహ్రెయిన్‌కు ఏడాదికి రెండుమూడుసార్లు వెళ్లాల్సి వస్తుంది. పగలంతా సల్మానియా ఆస్పత్రిలో పని, బస మనామా హోటల్లో. భోజనం ఖర్చు కంపెనీదే కనక నాలుక కూడా హోదాకు తగ్గట్టే నడుచుకునేది. ఒంటరిగా తింటే ఒంటికి పట్టదంటారు. నాకు పట్టింది. పట్టనివి జాకెట్లే.

నేను దిగే హోటల్లో సముద్రం వైపు ఒక రెస్టారెంటు ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు, పెద్ద ప్లేటు మధ్యలో చిన్న చేపముక్కను పెట్టి తెచ్చారు. చెల్లెలికి ఫోన్ చేసి, ఉప్పూ లేదు కారమూ లేదు, ప్లేటు మాత్రం మన పెరడంత ఉందని గొణిగాను. పక్కన నీళ్లు పోస్తున్న వెయిటరు ముఖంలో ఏ కదలికా లేదు. కాసేపటికి వచ్చి, వెన్న పెట్టే చిన్న తెల్ల గిన్నె ఒకటి నా ప్లేటు చాటున పెట్టాడు. లోపల ఎర్రగా ఎల్లిపాయ కారం.

"మా రూముల దంచింది మేడం. జర అంచుకు పెట్టుకోండి."

జగిత్యాల వైపు మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. గుదైబియా అనే పేటలో ఒకే గదిలో ఏడుగురితో కలిసి ఉంటాడట. క్యాంటీన్లో వండేది చప్పగా ఉంటుందని, రోజూ ఒక చిన్న డబ్బాలో కారం జేబులో వేసుకుని డ్యూటీకి వస్తాడట. బయటి తిండి అతిథుల బల్ల మీద పెడితే ఊరుకుంటారా అని అడిగాను. మేనేజరు కంట పడితే ఖలాస్, టికెట్టు కొట్టి ఇంటికి పంపుతారని నవ్వుతూనే చెప్పాడు. నవ్వుతూ చెప్పినా నిజమే చెప్పాడని నాకు తెలుసు.

అప్పట్నుంచి ప్రతి ప్రయాణంలోనూ ఆ గిన్నె వచ్చేది. చుట్టూ సూట్లవాళ్లూ అత్తరువాళ్లూ ఉండేవాళ్లు. అంత హాల్లో ఎల్లిపాయ కారం ఉన్న బల్ల నాదొక్కటే. ఆ గర్వానికి ఏ దేశంలో పన్ను కట్టాలో తెలియదు గాని, నేను దాన్ని కాస్త ఎక్కువగానే అనుభవించాను.

పోయిన ప్రయాణంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం వెళ్లాను. కిటికీ పక్క బల్ల అడిగితే రిజర్వు అయిందన్నారు. గోడ పక్కన, గాజు బీరువాకు ఎదురుగా కూర్చోబెట్టారు. కిటికీ దగ్గర ఒకావిడ, నాలాగే ఒంటరిగా. అరవై దగ్గరపడుతున్న మనిషి, నీలం అంచు తెల్లచీర, చేతిసంచిలో తెలుగు బైబిలు అట్ట కనిపిస్తోంది. అక్కడ సెలవు శుక్రవారమే కనక చర్చి ప్రార్థనా ఆవేళే; అది ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది. ఆవిడ ఎదుటి కుర్చీలో హ్యాండ్‌బ్యాగు లేదు. ఫోను లేదు. హమూర్ చేపను చేత్తో విడదీసి, ముళ్లు ఒక పక్కన వరసగా పేరుస్తూ, మధ్యలో సముద్రం చూస్తూ నింపాదిగా తింటోంది. దేశదేశాల్లో ఇన్నేళ్లుగా ఒంటరిగా తింటున్నాను, అలాంటిచోట చేత్తో తినే ధైర్యం నాకు ఒక్కసారీ రాలేదు. ఒంటరితనంలో కూడా ఫస్టు ర్యాంకు ఇంకొకరికి వస్తుందని ఆవేళే తెలిసింది.

అంతవరకూ ఓర్చుకున్నాను. ఆవిడ ప్లేటు చాటున తెల్లగిన్నె కనిపించింది. ఎర్రగా ఉంది.

నా బల్ల మీద వెన్నగిన్నెలో వెన్నే ఉంది.

వెయిటరు నా దగ్గరికి వచ్చి, చేప తెచ్చిపెట్టి, ఇంకేమైనా కావాలా మేడం అని అడిగి వెళ్లాడు. కిటికీ దగ్గరికి వెళ్లి ఆవిడతో వంగి మాట్లాడాడు. "అక్కా" అన్నాడు. రెండేళ్లుగా నేను మేడాన్నే. మేడంకీ అక్కకీ మధ్య మేడ మెట్లన్నీ ఉన్నాయి. కడుపు నింపుకోవడానికి వచ్చి కడుపుమంట ఆర్డరిచ్చుకున్నాను, వేడివేడిగా.

సరిగ్గా అప్పుడే మేనేజరు బల్లబల్లకీ వచ్చి, అంతా బాగుందా అని ఇంగ్లీషులో అడుగుతున్నాడు. అంతా బాగుంది, ఆ కిటికీ దగ్గర ఆవిడకిచ్చిన ఎర్రటిదేదో నాకు రాలేదు, మెనూలో కూడా కనబడలేదు, ఏమిటది అని అడిగాను. చాలా అమాయకంగా అడిగాను. అడుగుతున్నప్పుడు ఏం చేస్తున్నానో నాకు తెలుసు. తెలియక అన్నానని చాలామందికి చెప్పాను గాని, ఇక్కడ రాస్తున్నది నిజం.

మేనేజరు నవ్వు చెరగకుండానే అటు నడిచాడు. నీళ్ల జగ్గుతో నిలబడ్డ వెయిటరు అతన్ని చూశాడు, గిన్నెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ మూడో చూపుకి చేతిలో ఫోర్కు కింద పెట్టేశాను.

ఇది తనదేనని, ఇంటినుంచి తెచ్చుకున్నానని ఆవిడ చెబుతోంది. మరి గిన్నె మాదెందుకయిందమ్మా అని మేనేజరు మర్యాదగా అడిగాడు. ఆవిడ వెయిటరు వైపు చూసింది. మేనేజరు వెయిటరు వైపు తిరిగాడు.

నేను లేచాను. కుర్చీ పెద్దగా చప్పుడు చేసింది. అది నాది అన్నాను. హైదరాబాదు నుంచి తెచ్చాను, ఖాళీ గిన్నె నేనే అడిగి తీసుకున్నాను, మా భాషావిడ కదా అని నేనే పంపించాను.

"కానీ మేడం, అదేమిటని ఇప్పుడే నన్ను అడిగారు."

"మీకు తెలుస్తుందో లేదో చూద్దామని" అన్నాను.

నా బల్ల మీద ఉన్నది నిమ్మరసమేనా అని అతను ఒకసారి తిరిగి చూసుకున్నాడు. బయటి ఆహారం అనుమతించమని, ఈసారికి పరవాలేదని చెప్పి, గిన్నెను రెండు వేళ్లతో ఎత్తి తనే తీసుకెళ్లాడు. వెయిటర్ని ఏమీ అడగలేదు. హాలంతా నావైపే చూస్తోంది. అంతకుముందు ఎవరూ చూడటం లేదని నేను బాధపడేదాన్ని.

ఆవిడ మిగిలిన చేప కారం లేకుండానే తిని, చెయ్యి కడుక్కుని, వెళ్తూ నా బల్ల దగ్గర ఆగింది.

"కారం కావాలంటే నన్నడగాలి గానండీ, మేనేజర్నడుగుతారా? సగం ఇచ్చేదాన్ని కదమ్మా." కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

వెయిటరు ఎంతో సేపటికి గాని రాలేదు. వచ్చాక, తప్పయిపోయిందని నేను మొదలుపెట్టబోతే ఆపేశాడు.

"అంటుపెట్టింది మీరే, ఆర్పింది మీరే. పోనీయండి మేడం. ఇయ్యాల డబ్బల గంతే మిగిలింది, లేకుంటే మీకూ పెడుదును."

ఆవిడ మీకేమవుతారని అడిగాను. గొంతు మామూలుగానే ఉందనుకున్నాను.

చెప్పాడు. హోటలుకు రాకముందు కట్టడం పనిలో ఉండేవాడట. పై నుంచి పడి రెండు చేతులూ విరిగి ఆస్పత్రిలో చేరాడట. ఆవిడ అక్కడ నర్సు, వేరే వార్డు. తెలుగువాడు ఒకడు అన్నం తినలేక పడి ఉన్నాడని తెలిసి, డ్యూటీ అయినంక వచ్చి కలిపి తినిపించేదట, కట్లు విప్పేదాకా.

"నేను సాలక్కా అంటె ఇనకపోయేది. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అనుకుంట గిన్నె ఖాళీ చేసేది."

ఇప్పుడు నెలకో శుక్రవారం ఇక్కడికి తినడానికి వస్తుందట, అతనెలా ఉన్నాడో చూసుకోవడానికి.

సిగ్గుపడవలసిన చోటు అది. పడ్డాను కూడా. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఆవిడ మీద మంట చల్లారింది గాని, ఎదురుగా నిలబడ్డ మనిషి మీద రాజుకుంది. రెండు చేతులు విరిగినవాడి మీద. ఇన్ని ఊళ్లలో, ఇన్ని తెల్లగుడ్డలు పరిచిన బల్లల ముందు, నేను చాలన్నప్పుడు కాదు ఇంకొంచెం అన్నవాళ్లు లేరు. అది తప్ప అడిగినవన్నీ తెచ్చారు.

నా చేప సగానికి సగం అలాగే ఉంది. వెయిటరు దాని వైపు చూశాడు.

"సాలా మేడం?"

చాలన్నాను. ప్లేటు తీసుకుని వెళ్లిపోయాడు.