సోమ్లా తండా కవరు

1976లో నేను మానుకోట ప్రాంతంలో ఒక పోస్టాఫీసులో సార్టింగ్ గుమాస్తాను. సార్టింగ్ అంటే వచ్చిన ఉత్తరాలను ఊళ్లవారీగా విడదీసి సంచుల్లో వేయడం. చిరునామా సగమే రాసినా, తప్పు రాసినా అది ఏ ఊరిదో చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు చూసుకుని తెగ మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

చిక్కంతా తండాలతోనే వచ్చేది. లంబాడీల తండాను వాళ్ల పెద్ద అయిన నాయక్ పేరుతో పిలుస్తారు. పాత నాయక్ పోయి కొత్తాయన వస్తే కొన్నిచోట్ల తండా పేరూ మారిపోతుంది. మా రిజిస్టరులో మాత్రం ఎప్పుడో ఎక్కించిన పేరే ఉంటుంది. జనం లెక్క జనానిది, మా లెక్క మాది.

ఒకరోజు హైదరాబాదు నుంచి సర్కారు కవరొకటి వచ్చింది. 'బి. కమ్లి, సోమ్లా తండా, బయ్యారం' అని ఉంది. రిజిస్టరు తిరగేశాను. సోమ్లా తండా బయ్యారం కింద లేదు, మరిపెడ కింద ఉంది. బయ్యారం సంచి మోసే యాదగిరి పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"జర ఆగుండ్రి సారూ. ఎల్లుండి అంగడి. తండాలోల్లు వస్తరు, అడిగి చెప్త" అన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది గిదే పని చేస్తున్న. నాకు నువ్వు చెప్తవా?" అన్నాను.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎర్ర సిరాతో బయ్యారం కొట్టేసి, పైన మరిపెడ అని రాసి పంపేశాను. దీన్నే మేము రీడైరెక్ట్ చేయడం అంటాం.

అలాంటి మనిషి లేదని మూడు వారాలకు కవరు తిరిగొచ్చింది. ఈసారి నోరు మూసుకుని యాదగిరి చేతికిచ్చాను. అంగడి రోజు సంతలో నలుగురిని అడిగి అతను గంటలో తేల్చేశాడు. బయ్యారం దగ్గరి రామ్జీ తండాకు సోమ్లా నాయక్ అయి ఏడాది దాటిందట.

కవరు చేతికందిన మరునాడే కమ్లి దాన్ని పట్టుకుని తండ్రితో కలిసి మా ఆఫీసుకు వచ్చింది. కవరులో ఉన్నది నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూకు పిలుపు. ఇంటర్వ్యూ అయిపోయి తొమ్మిది రోజులైంది. తండాలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల ఆమె. వచ్చే ఏడు పెట్టుకుందామంటే వయసు దాటిపోతుంది.

"ఎక్కడ్నో పొరపాటైంది బిడ్డా. మల్ల పిలువుమని అర్జీ రాసిస్త" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

నేను రాసిచ్చిన అర్జీని ఆమె మొత్తం చదివింది. తరువాత దాన్ని కవరు పక్కన పెట్టి చూసింది.

"గీ రాత, గా ఎర్ర రాత ఒక్కటే గద సారూ?"

నేను పక్కనున్న సంచి మూతి కట్టసాగాను.

"బయ్యారమని సక్కగనే ఉండె గద. ఎందుకు కొట్టేసిన్రు?"

తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని, "పెద్దసారును గట్ల అడుగద్దు బిడ్డా" అని, నాకు దండం పెట్టాడు. ఆయన నన్ను తిట్టిపోసినా బాగుండేది.

అర్జీకి జవాబు రాలేదు. తరువాత నేనే అంగడికి పోయి అడిగి, రిజిస్టరులో ప్రతి తండాకు ఇప్పటి పేరు కూడా ఎక్కించాను. కొత్తగా చేరినవాళ్లకు ఒకటే చెప్పేవాణ్ణి, మన పుస్తకంలో లేనంత మాత్రాన ఊరు లేకుండా పోదు, అడగండి అని. పనిమీద బయ్యారం ఎన్నోసార్లు వెళ్లాను. ఆ తండా దాకా మాత్రం కాళ్లు రాలేదు. "ఆ రాత నాదే తల్లీ" అని ఆ పిల్లకు ఇప్పటికీ చెప్పలేదు.