ఆ మాట గొల్లపల్లి భీమెది

ఏళ్ల తరబడి కొన్ని చప్పట్లను మోస్తున్నాను. రాళ్లు మోసేవాడు ఎక్కడో ఒకచోట దించుకుంటాడు. చప్పట్లను ఎక్కడ దించాలి?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు కింద ఉండదు. భయమా? అవును, భయమే. దానికి ఇంకో పేరు పెట్టను.

ముందుగా ఒక హెచ్చరిక. ఇది చదివి, "చూశారా నాస్తికుడి బండారం" అని ఎవరూ సంబరపడొద్దు. నేను ఇవాళ్టికీ నాస్తికుణ్ణే. గాల్లోంచి విబూది తీసే బాబాల గుట్టు ఇప్పటికీ సంతల్లో విప్పుతూనే ఉన్నాను. అబద్ధమాడింది నేను. దాన్ని నా సిద్ధాంతం మీదికి నెట్టి తప్పించుకోను. మీరూ నెట్టొద్దు.

మాది ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్. నాన్న ఇనుప గనిలో పనికి విశాఖ నుంచి రైలెక్కి వచ్చినవాడు. కాలనీ రీడింగ్ రూమ్‌లో కులం మీద, దేవుడి మీద, వితంతు వివాహాల మీద పెద్దవాళ్లు గొంతులు చించుకుంటుంటే వింటూ పెరిగాను. ఎదుటివాడి మాటలో సందు ఎక్కడుందో పట్టుకోవడం అక్కడే అబ్బింది. ఎదుటివాడి మాట చివరిదాకా వినడం మాత్రం అబ్బలేదు.

ఇది పదేళ్ల పైమాట. ఆ ఏడు మా హేతువాద సంఘం ఆంధ్ర సరిహద్దునున్న కోంటాలో బడిపిల్లలకు పోటీ పెట్టింది. అంతరిక్షయానం ఇక సామాన్యులకూ అందబోతోందని పత్రికలు ఊదరగొడుతున్న రోజులు. "రాకెట్‌లో నాకు సీటు దొరికితే" అన్నది విషయం. గెలిచినవారికి సముద్రతీరాన రాకెట్ ఎగరడం చూపిస్తామన్నాం. విశాఖలో ఉంచి సైన్సు చదివిస్తామన్నాం. నేనూ, ఒక టీచరమ్మా న్యాయనిర్ణేతలం.

గొల్లపల్లి నుంచి భీమె వచ్చింది. పదో తరగతి. ఇంట్లో దోర్లీ, బడిలో హిందీ, మిరప కోతలకు సరిహద్దు దాటితే తెలుగు. నన్ను చూసి తెలుగులోనే మాట్లాడింది. తమ ఊరి మామిడి పండుగ సంగతి ఎత్తుకుంది. ఆ పండుగ అయ్యేదాకా ఊళ్లో ఎవరూ కొత్త కాయ కొరకరు. ముందు భూమిని అడుగుతారు, తర్వాత అందరూ ఒకే రోజు తింటారు. ఆకాశం కూడా కొత్త కాయేనంది. డబ్బున్నవాళ్లు ఎవరినీ అడక్కుండా ముందే తినేస్తే ఎట్లా అంది. తనకు సీటు దొరికితే ఊరినీ భూమినీ అడిగిగానీ ఎక్కనంది.

నాకు వినపడింది ఒక్కటే. భూమిని అడగడం. సందు దొరికింది.

"భూమి మాట్లాడుతుందా అమ్మాయ్?" అన్నాను.

"మాట్లాడదు సార్. అడిగేది మనం గద."

"జవాబు రానిదానికి అడగడమెందుకు?"

"అడగకుండ తీస్కుంటే దొంగతనం అయితది సార్. నలుగుట్ల నిలబడి అడిగితే, అందరికి పంచాలని యాదికుంటది."

"అంటే మీ పూజారి కోడిని కోసేదాకా రాకెట్ ఆగాలా?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది.

"ఏంది సార్, పది, తొమ్మిది, ఎనిమిది అనుకుంట మీరు లెక్కపెట్టేదాక ఆగుతది గద! మా పూజారికి ఇంకొంచెం ఆగితే ఏమైతది?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. అది నా మీద. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ పిల్లను ఎందుకు దెబ్బకొట్టాను? మూఢనమ్మకానికి బహుమతి ఇవ్వకూడదు కనుక, అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిటారుగా నిలబడే జవాబు. అబద్ధం. అందరి ముందు, నేను ఆరితేరాననుకున్న విద్యలోనే, ఒక పిల్ల చేతిలో ఓడిపోయాను. ఆ మంట చల్లారకముందే కలం చేతిలోకి వచ్చింది. అంతే.

మార్కులు తగ్గించడంతో ఆగలేదు. మొదటి బహుమతి భీమెకేనని టీచరమ్మ పట్టుబట్టింది. అప్పుడన్నాను, "అవి ఆ పిల్ల మాటలు కావు. ఎవరో నేర్పి పంపారు. నాకు తెలిసింది" అని. నాకేమీ తెలియలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ మాట నా నాలుక మీదే పుట్టింది. టీచరమ్మ నమ్మింది. నమ్మదా మరి? అబద్ధాల గుట్టు విప్పేవాణ్ణి కదా నేను.

బహుమతి ఒక కంఠస్థం చేసిన ప్రసంగానికి పోయింది. సంఘం వాళ్లు భీమెను నిలబెట్టి ఎవరు నేర్పారో చెప్పమన్నారు. ఎవరూ లేరంది. మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పింది. నేను పక్కనే కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాను. ఆ తర్వాత ఆ పిల్ల బడి మానేసి మిరప చేలకు పోతోందని టీచరమ్మే ఒకసారి చెప్పింది. అయ్యో అన్నాను.

ఇక్కడితో ఆపితే సగం దాచినవాణ్ణవుతాను. కొన్నాళ్లకు కుబేరులు తమ డబ్బుతో పైకి పోయి, కాసేపు తేలి, కిందికొచ్చి చేతులూపారు. రేపు మీ వంతే అన్నారు సామాన్యులతో. ఒళ్లు మండి వ్యాసం రాశాను. కొత్త కాయను ఊరంతా ఒకే రోజు తినే న్యాయం బస్తర్ అడవిలో ఉంది, మీ రాకెట్లలో లేదు అని. ఆ వాక్యమే నన్ను వేదికలెక్కించింది. భూమిని అడగడం ఒక్కటి కత్తిరించాను. మిగతాదంతా ఆమెదే. అరువు మాటలని ఆ పిల్ల మీద నింద వేసి, ఆ పిల్ల దగ్గరే మాటలు ఎత్తుకొచ్చాను.

ఆ వాదన తప్పా? కాదు. దాని కోసం ఇవాళ కూడా ఎవరితోనైనా తలపడతాను. అంతరిక్షం సామాన్యులదంటే, తమ భాషలతో, పండుగలతో, పెద్దమనుషులతో వచ్చే సామాన్యులదని అర్థం. నాలా ఆలోచించేవాళ్లకే సీటు అన్న రోజున నేనూ ఎవర్నీ లోపలికి రానివ్వకుండా గర్భగుడి గడప దగ్గర కాపలా కాసినవాణ్ణే. భూమికి చెవులు లేవు, నిజమే. చెవులున్న నేను విన్నదేమిటి?

మొన్న ఎండాకాలం గొల్లపల్లి వెళ్లాను. భీమె కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తోంది. ఇప్పుడు ఒక బిడ్డకు తల్లి. నన్ను గుర్తుపట్టింది. వ్యాసంతో సహా అంతా చెప్పాను. చెయ్యి ఆపకుండానే విన్నది.

"అయితే ఎవరు నేర్పలేదని మీకు అప్పుడే ఎరుకనా సార్?" అంది.

ఎరుకే అన్నాను.

"ఇన్నేండ్లు మీరు పొరపాటు పడ్డరనుకున్న."

అంతే. కోళ్లు రాకుండా చూడమని కూతురికి చెప్పి, లోపలికి వెళ్లిపోయింది.

క్షమించమని అడగలేదు. అడిగితే, ఇవ్వాలా వద్దా అన్న బరువు మళ్లీ ఆమె మీదే పడేది. దేవుడి ముందు చెప్పుకుని తేలికపడే దారి నాకు లేదు. లేనందుకు చింతా లేదు. మనిషికి చేసిన ద్రోహం మనుషుల మధ్యే చెప్పాలి. చెబుతున్నాను. ఆ వాదన భీమెది. దానికి మోగిన చప్పట్లన్నీ భీమెవి. నింద నేను పుట్టించింది. ఆ రోజు కోంటాలో గెలిచింది ఆమె. ఓడిపోయింది నేను.

చెప్పాక ఊపిరి ఆడుతోంది. నాకు ఆ హక్కు ఉందా అంటే, లేదు. అయినా ఆడుతోంది.