పడవ పాట కట్టిన వాల్టర్

వాల్టర్ హేన్స్ పేరు మీరు విని ఉండరు. అమెరికాలో షాంటిలీ అనే ఊళ్లో, ముసలివాళ్లుండే ఓ సీనియర్ హోమ్‌లో పనిచేసే పర్సిస్ కూడా వినలేదు, ఆయన కూతురు మిస్ ఈడిత్‌ని చూసుకునే పని తన మీద పడేదాకా. అది 2012.

తొంభై దాటిన ఈడిత్‌కి తండ్రి కబుర్లు తప్ప వేరే లోకం లేదు. పూర్వం నోట్స్‌తో సహా అచ్చేసిన పాటల కాగితాలు అమ్మే కొట్లుండేవట. దారినపోయేవాళ్లు ఆగి కొనేలా అక్కడ పియానో పక్కన నిలబడి పాడడం వాల్టర్ ఉద్యోగం. పాడుతూ పాడుతూ తనే పాటలు కట్టాడు. పడవలో కనబడ్డ పిల్ల మీద కట్టిన పాటకి ఊరంతా గంతులేసింది. అబ్బో, అప్పుడు చూడాలి ఆయన దర్జా! తర్వాత రేడియో వచ్చింది, కొట్టు మూతపడింది. పియానోలు శ్రుతి చేసుకుంటూ బతుకు వెళ్లదీశాడు. ఆయన గొంతు రికార్డు కాలేదు. ఆ పాట అచ్చు కాగితం మాత్రం ఈడిత్ గదిలో గోడ మీదుంది.

"నాన్న ముఖం గుర్తుంది పర్సిస్. గొంతే గుర్తు రావడం లేదు. నేను పోయేలోగా ఒక్కసారి గుర్తొస్తే బాగుండు," అందామె ఒకనాడు.

పర్సిస్ ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, తమ తెలుగు చర్చిలో కీబోర్డు వాయించే సత్యానందానికి చూపించింది.

"అంకుల్, ఎలాగైనా ఇది ఆవిడకి వినిపించాలి."

"నోట్స్ ఉన్నాయిగా, అదెంత పనమ్మా! మనవాళ్లతో ప్రాక్టీస్ చేయిస్తా."

చేయించాడు మహానుభావుడు! వాళ్లకి తెలిసిన పద్ధతి ఒకటే. ఒకరు ఒక లైను ఎత్తుకుంటారు, తక్కినవాళ్లు కళ్లు మూసుకుని నిదానంగా అదే లైను తిరిగి పాడతారు. గంతులేయాల్సిన పాట కాస్తా ఆరాధన కీర్తనై కూర్చుంది.

ఆదివారం ఈడిత్ గదిలో అలాగే మొదలుపెట్టారు. గుమ్మంలో నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పర్సిస్ సిగ్గుతో చచ్చిపోయింది.

"సారీ మిస్ ఈడిత్, మావాళ్లు మరీ స్లోగా..."

"ఆపకండి," అంది ఈడిత్. "ఆ హుషారంతా కొట్లో జనం కోసం. అమ్మ పోయాక రోజూ నా మంచం మీద కూర్చుని ఇలాగే పాడేవాడు. ఆయన ఒక లైను, వెనకాల నేను."

సత్యానందం మళ్లీ ఎత్తుకున్నాడు. తిరిగి పాడాల్సిన చోట తక్కినవాళ్లంతా ఆగిపోయారు. ఈడిత్ ఒక్కతే పాడింది. పర్సిస్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఉష్, ఏడవకు," అంది ఈడిత్ ఆమె చెయ్యి పట్టుకుని. "నాన్న తర్వాతి లైను పాడుతున్నాడు."