వీపు దగ్గర బిగుతు

లోకంలో ఏ వస్తువైనా తనకు సరిగ్గా సరిపోయిందని వదిన ఒప్పుకున్న దాఖలా లేదు. అయితే బిగుతు, లేకపోతే వదులు. చెప్పులు బిగుతు, కళ్ళజోడు వదులు. వీధి తలుపు బిగుతు, అల్లుడి నోరు వదులు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఉండి దుకాణాల తక్కెళ్ళకు వంకలు పెట్టింది. రిటైరయ్యాక తక్కెళ్ళు దొరక్క లోకం మీద పడింది.

ఆ లోకంలో సగం మరదలే. మరదలంటే వదిన తమ్ముడి భార్య. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది. ఆమె కుట్టుకు వంక పెట్టడానికి ఎవరికీ నోరు రాదు. వదినకు మాత్రం వచ్చేది. ఆవిడకో బూడిదరంగు కోటుంది. దాన్ని ఎన్నిసార్లు విప్పి కుట్టారో ఆ దేవుడికే తెలియాలి.

"చెయ్యెత్తితే చంకలో పట్టేస్తోందమ్మాయ్."

"చెయ్యెందుకెత్తడం వదినా?"

"బస్సాపొద్దూ?"

"బస్సులు ఆగేది నీ చేతికి కాదు, నీ గొంతుకి!"

వీళ్ళ గోల భరించలేక తమ్ముడు పక్క గదిలో టీవీ శబ్దం పెంచేవాడు. ఆ వార్తలు చదివే అమ్మాయి గొంతు కూడా కాస్త బిగుతుగానే ఉందనేది వదిన.

అలాంటి ఇంట్లో మరదలికి రొమ్ము క్యాన్సరని తేలింది. ఆపరేషనయింది. కీమో మొదలైంది. ఇంటిల్లిపాదీ ఆమెను పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. భర్త కత్తెర తీసి బీరువా మీద పెట్టేశాడు. చూడవచ్చిన వాళ్ళందరిదీ ఒకటే పాట: "నువ్వేం చెయ్యకు, హాయిగా పడుకో." పడుకుంది. హాయి మాత్రం రాలేదు. రాను రాను గోడవైపు తిరిగి పడుకోవడమే పనైపోయింది. బట్టలు వేసి చూసుకోవడానికి పెట్టిన నిలువుటద్దం మీద దుప్పటి కప్పేసింది. పెట్టిన కంచం పెట్టినట్టే ఉండేది. డాక్టరమ్మ అడిగితే మాత్రం "బాగానే ఉన్నానండీ" అనేది. చివరికి ఒకనాడు, "ఇక కీమోకి నేను రాను" అనేసింది.

భర్తకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అక్కకు ఫోను చేశాడు. అక్క వెంటనే వచ్చింది, చంకలో కోటుతో సహా.

"వీపు దగ్గర బిగుతు!"

"దానికి ఒంట్లో బాగాలేకపోతే ఇప్పుడు కోటేమిటక్కా?"

"ఒంట్లో బాగాలేంది దానికి. బిగుతు నాకు. నువ్వవతలికి పో."

మరదలికి ఒళ్ళు మండింది. మండితేనేం, మంచం దిగింది. గుండుసూదులు తీసుకుని, అలవాటు కొద్దీ "అద్దంలో చూసుకో" అనబోయి ఆగిపోయింది.

"అద్దమెందుకు? నా వీపు నాకెలాగూ కనపడి చావదు. నువ్వే చూసి చెప్పు" అని వదిన అటు తిరిగి నిలబడింది.

ఎదురుగా బూడిదరంగు వీపు. మొహం లేదు, జాలి చూపుల్లేవు. మరదలు ఒక్కొక్క సూదే గుచ్చుతూ పోయింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఆ వీపుకి చెప్పేసింది.

"తెల్లారుతోందంటే భయంగా ఉంది వదినా. అసలు నిద్ర లేవకుండా ఉండిపోతే బాగుండుననిపిస్తోంది. నేను బతికానని అందరూ సంతోషిస్తుంటే, నాకే సంతోషం లేదు. నేనేం మనిషిని?"

వీపు కదల్లేదు. బిగుతనలేదు, వదులనలేదు.

"ఈ మాట డాక్టరమ్మకి చెప్పావా?"

"ప్రాణం పోసిన మనిషితో ఎలా అంటాను?"

"రేపు అందాం. నీకు నోరు రాకపోతే నేనంటా. అందాకా నీ పక్కనే పడుకుంటా. మంచం బిగుతే అనుకో, సర్దుకుంటాలే."

సర్దుకోవడమనే మాట వదిన నోట వినడం మరదలికి అదే మొదలు.

మర్నాడు డాక్టరమ్మ గదిలో కుర్చీ వదులుగా ఉందని వదిన గొణుగుతుండగానే, మరదలు తనంతట తానే చెప్పేసింది. డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది.

"క్యాన్సరొచ్చిన ఆడవాళ్ళలో చాలామందికి ఈ దిగులు జబ్బు కూడా వస్తుందమ్మా. ఇందులో మీ తప్పేం లేదు. దీనికీ వైద్యముంది. మనసెలా ఉందని ముందే నేను అడగాల్సింది" అంది. మానసిక వైద్యుడి దగ్గరికి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది.

మందులు వేసుకోగానే దిగులు పారిపోలేదు. ఒకరోజు లేచేది, ఒకరోజు లేచేది కాదు. వైద్యుడితో మాట్లాడి వచ్చి ఒకసారి ఏడ్చేది, ఒకసారి ఆకలేస్తోందనేది. కీమో మాత్రం మానలేదు. వదిన కోటూ రావడం మానలేదు. ఎప్పుడొచ్చినా వీపు దగ్గరే బిగుతు, ఆ బిగుతుకే కుట్లు పిగిలిపోయాయనేది. వచ్చినప్పుడల్లా వదిన అటు తిరిగి నిలబడేది, మరదలు మాట్లాడేది.

కొన్నాళ్ళకు మరదలు బీరువా మీది కత్తెర దింపించింది. అద్దం మీది దుప్పటి తనే లాగేసింది. అద్దంలో కనబడిన మనిషిని కాసేపు చూసింది. జాకెట్టు ఒకవైపు వదులుగా ఉంది. "కుట్టేసుకోవచ్చు" అనుకుంది. తర్వాత వదిన కోటు వెలుతురులో పెట్టి చూసింది. వీపు కుట్లు పిగిలినవి కావు. ఎవరో పనిగట్టుకుని కత్తిరించినవి, అదీ గోళ్ళు తీసుకునే కత్తెరతో. తను గట్టిగా కుట్టి పంపడం, ఆవిడ ఇంటికెళ్ళి కూర్చుని విప్పి తేవడం! చంకలూ కాలరూ వదిలేసి, ఇన్నాళ్ళూ వీపే ఎందుకు బిగుతయిందో అప్పుడర్థమైంది. కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఇలాంటి వంకల మనిషిని తనకు ఆడపడుచుగా ఇచ్చినందుకు అత్తగారికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఆ సాయంత్రం వదిన రాగానే కోటు తొడిగింది.

"ఈసారి వీపు దగ్గర పొడుగు కుట్లు వేశాను వదినా. లాగితే చాలు, ఊడొస్తాయి. గోళ్ళ కత్తెరతో తంటాలు పడకు."

వదిన అటు తిరిగే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. భుజాలు అటూ ఇటూ కదిపి చూసుకుని, గొంతు సవరించుకుంది.

"ఇప్పుడు మరీ వదులైపోయిందమ్మాయ్. వచ్చే వారం మళ్ళీ రావాల్సిందే."