లతక్క ఫ్రీయే గదా

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే మాటకు ఉన్నన్ని అర్థాలు చాలా తక్కువ మాటలకు ఉంటాయి. డిగ్రీలో నాది ఇంగ్లీషు సబ్జెక్టే కాబట్టి ఈ మాట మీద నాకు మొదటి నుంచీ మోజు. తెలుగులోకి తెచ్చుకుంటే ఒకచోట స్వేచ్ఛ, ఒకచోట ఉచితం, ఇంకోచోట ఖాళీ. కట్లు లేనిది, అడ్డం లేనిది, దాపరికం లేనిది, వదులుగా ఉన్నది, పైసా అడగనిది. అన్నీ మంచి అర్థాలే, ఎవరైనా కోరుకునేవే. కానీ అవన్నీ కలిసి ఒకే మనిషి మీద పడితే ఎట్లా ఉంటుందో తెలియాలంటే మా జూలూరుపాడులో మా ఎదురింటి నాగలతక్కను చూడాలి.

లతక్కకు నలభై దాటాయి. పెళ్లి కాలేదు. వాళ్ల తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఈ అడవి అంచున సేద్యం మొదలుపెట్టాడు. ఇప్పుడు అన్న వెంకటకృష్ణ పత్తి, మిర్చి వేస్తాడు, మెయిన్ రోడ్డు మీద పురుగుమందుల దుకాణం నడుపుతాడు. వదిన రాజ్యశ్రీ దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. లతక్క పొద్దున్నే బర్రెల పాలు పిండుతుంది, ఇంటిల్లిపాదికీ వండుతుంది, చేలో కూలీలకు చాయ్ పట్టుకుపోతుంది, వచ్చి మళ్లీ వండుతుంది. అయినా ఎవరు ఏ పని మీద వచ్చినా ఆ ఇంట్లో వినపడేది ఒకటే మాట. "లత ఫ్రీయే గదా, తోలుకపోండి."

మా దగ్గర ఎవరైనా దవాఖానలో పడితే పక్కన మనిషి ఉండాల్సిందే. మందుల చీటీ పట్టుకుని కిందికి ఉరకాలి, రక్తం సీసా ల్యాబులో ఇచ్చి రావాలి, సెలైన్ అయిపోతుంటే సిస్టర్‌ను పిలవాలి, బెడ్‌పాన్ పెట్టాలి. పక్కన మనిషి లేకపోతే అడ్మిటే చేసుకోరు. ఆ మనిషి సొంత మనిషి కాకుండా కూలి మనిషి అయితే ఊళ్లో పరువు పోతుంది. అందుకని ప్రతి ఇంటికీ ఈ పనికి ఒక మనిషి ఉంటుంది. ఎవరూ నియమించరు, ఎవరూ పైకి అనరు, కానీ ఉంటుంది. వాళ్లింట్లో అది లతక్క. నాయన గుండెకు, అమ్మ పక్షవాతానికి, వదిన కాన్పులకు, కారేపల్లి చిన్నాయన కిడ్నీలో రాళ్లకు, అన్నిటికీ ఆమే.

ఎర్రుపాలెం సంబంధం తప్పిపోయింది కూడా దీనివల్లే. నాయనను ఖమ్మంలో పెట్టినప్పుడు, ఫిల్ము జల్దీ ఇప్పించుకోవడానికి లతక్క ఎక్స్‌రే అబ్బాయితో నవ్వుతూ మాట్లాడిందట. అది పెళ్లికొడుకు మేనత్త చూసింది. "పిల్ల మంచిదే గానీ, మగపిల్లలతోని బాగా ఫ్రీగా మూవ్ అయితది" అని కబురు చేశారు. ఆ ఫిల్ము చేతికి వచ్చాకే నాయనకు వైద్యం మొదలైంది. ఆ సంగతి వాళ్లకు ఎవరు చెప్తారు? తర్వాత అమ్మ మంచాన పడింది. అమ్మానాయనలు పోయేనాటికి ఆ ఇంటికి సంబంధాలు రావడం ఆగిపోయింది.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఆమె పని ఇంకా పెరిగింది. "బస్సు ఫ్రీ, నువ్వు ఫ్రీ, ఇంకేంది లతా!" అని రాజ్యశ్రీ నవ్వేది. అందరూ నవ్వేవారు. లతక్కా నవ్వేది.

మొన్న పత్తి ఏరే రోజుల్లో ఆమెకే ఒంట్లో బాగోలేదని తేలింది. అంతకుముందు చాలా కాలం నుంచి రక్తం పోతున్నా ఎవరికీ చెప్పలేదు. ఖమ్మంలో డాక్టరమ్మ చూసి, కడుపులో గడ్డలున్నాయని, గర్భసంచి తీసేయాలని చెప్పింది. "ఒంట్లో రక్తం ఇప్పటికే తగ్గిపోయింది. ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదకు వస్తది. పక్కన మనిషిని తీసుకుని రా" అంది.

ఆ పొద్దు వాకిట్లో కూర్చుని లతక్క అన్నను అడిగింది. "అన్నా, నాతోని ఎవరొస్తరు?"

"చేన్ల పత్తి తెల్లగ పగిలి ఉన్నది. దుకాణం ఇడిసిపెట్టి నేనెట్ల వస్త?" అన్నాడు వెంకటకృష్ణ.

"నాకు దవాఖాన వాసనే పడది, నీకు తెల్వదా లతా," అంది రాజ్యశ్రీ. "నీకైతే అలవాటే."

"పేషెంటుగ అలవాటు లేదు వదినా."

"పత్తి అయినంక చూద్దాం తియ్యి," అన్నాడు అన్న.

పత్తి బస్తాలు దించుతున్న జంపక్క ఇదంతా వింది. జంపక్కది అడవి పక్క గూడెం. చాలా ఏళ్లుగా వీళ్ల చేలోనే పత్తి ఏరుతుంది. "నేను వస్త లతమ్మా," అంది.

వెంకటకృష్ణ గిర్రున తిరిగాడు. "కూలికొచ్చే మనిషిని పక్కన కూసోబెడితే, వాళ్లింట్ల మనుషులు లేరా అని అడగరూ?"

"ఉన్నరా మరి?" అంది జంపక్క.

లతక్క లేచి లోపలికి వెళ్లి బట్టలు సర్దుకుంది.

తెల్లారి ఇద్దరూ ఖమ్మం బస్సెక్కారు. కండక్టర్ ఇద్దరికీ జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు. దవాఖానలో సిస్టర్ జంపక్కను పైనుంచి కిందికి చూసి, "ఈమె నీకేమైతది?" అని అడిగింది.

"అక్క," అంది లతక్క.

ఆపరేషన్ బాగానే అయింది. మెలకువ వచ్చేసరికి జంపక్క స్టూలు మీద కూర్చుని తడిగుడ్డతో ఆమె పెదాలు అద్దుతోందట. "దవాఖానల ఇన్నేండ్లు తిరిగిన, మంచం మీదికెళ్లి చూస్తే ఇట్లుంటదని తెల్వదు," అని తర్వాత నాతో చెప్పింది లతక్క. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం మొహం కాస్త వెలిగింది.

మరునాడు వెంకటకృష్ణ కొబ్బరిబోండాలు పట్టుకుని వచ్చాడు. స్టూలు మీద జంపక్కను చూడగానే మొహం మాడ్చుకున్నాడు. "ఆడ పత్తి నేల రాలుతుంటే నువ్వీడ ఫ్రీగా కూసున్నవా?"

"లతమ్మ లేసి తిరిగేదాక ఉంట పటేలా."

"ఆపరేషన్ అయిపాయె గదా. ఇంకేముంది, పండుకునుడే గదా. నడువ్, కారున్నది."

ఆయన చేను మీదే ఆమె ఇల్లు గడవాలి. జంపక్క నీళ్ల సీసా లతక్క చేతికి అందేలా పెట్టి, దుప్పటి కాళ్ల దాకా లాగి, ఆయన వెనక నడిచింది.

ఆ తెల్లారే ఫోను. రాజ్యశ్రీ వాళ్లమ్మ సుశీలమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. "నువ్వున్న దవాఖానకే తెస్తున్నం లతా," అన్నాడు అన్న. "ఎట్లాగూ ఆడనే ఉన్నవ్ గదా."

అడిగి మరీ పక్క మంచమే ఇప్పించారు. రాజ్యశ్రీ కాసేపు ఏడ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని లతక్క చెయ్యి పట్టుకుంది. "నువ్వున్నవనే నా ధైర్యం. దుకాణం బంద్ పెట్టి వచ్చినం, జల్ది పోవాలె." వెళ్లిపోయారు. లతక్క పొట్ట మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

కాసేపటికి సిస్టర్ చీటీ పట్టుకుని అరిచింది. "సుశీలమ్మ తాలూకు ఎవరు?"

లతక్క చెయ్యి అప్పటికే దుప్పటి తీసేసింది. ఒక కాలు కింద పెట్టింది కూడా. అలవాటు. కుట్లు కలుక్కుమన్నాయి. అట్లాగే మంచం అంచున కూర్చుండిపోయింది.

"మీరేనా?" అంది సిస్టర్.

"కాదు."

"లతా, నేనే, సుశీలత్తను. దూపయితున్నదే," అని మూలిగింది ముసలామె. లతక్క సీసా తీసి ఆమె నోట్లో నీళ్లు పోసింది. తర్వాత సిస్టర్‌కు నెంబర్ చెప్పింది. "అల్లుడు. దుకాణం కాడ ఉంటడు. వచ్చేదాక ఫోన్ చేస్తనే ఉండండి."

పొద్దు వాలేవేళకు వెంకటకృష్ణ వచ్చాడు. జంపక్క కూర్చున్న స్టూలునే అటు తిప్పుకుని, చెల్లెలి వైపు వీపు పెట్టి, అత్తగారి దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి సిస్టర్ మళ్లీ వచ్చింది. "నాగలత తాలూకు ఎవరు? ఇంజెక్షన్లు తేవాలి."

ఆయన ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు.

"నేనే," అంది లతక్క. చీటీ తీసుకుని, ఒక చేత్తో పొట్ట అదిమిపట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, మెట్లు దిగి కింద మెడికల్ షాపుకు వెళ్లింది. షాపతను ఆమెను ఎరుగును. "ఈసారి ఎవరికక్కా?" అని అడిగాడట.

ఇంటికి వచ్చాక ఎవరూ గొడవ పెట్టుకోలేదు. జంపక్కను మాత్రం రేపటి నుంచి చేలోకి రావద్దన్నారు. ఆమె ఇప్పుడు పొద్దున్నే ఆటోలో ఎక్కడికో దూరం కూలికి పోతోంది. లతక్కకు ఏ పనీ చెప్పడం లేదు. వంట రాజ్యశ్రీ చేస్తుంది, బర్రెల దగ్గరకు మనిషిని పెట్టారు. తినమని కూడా ఎవరూ పిలవరు, ఆమే వెళ్లి పెట్టుకుంటుంది. "ఇదివరకు అందరితోని ఎంత ఫ్రీగా ఉంటుండె! దవాఖానకు పోయొచ్చినకాన్నుంచి మనిషే మారింది," అని రాజ్యశ్రీ దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్తోంది.

నిన్న మధ్యాహ్నం వెళ్లాను. లతక్క వెనక వాకిట్లో పత్తి బస్తా పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూడగానే జుట్టు ముడి సరిచేసుకుని లేవబోయింది.

"ఏందిరా, ఎవరికి బాగలేదు?"

"ఎవరికీ ఏం కాలేదక్కా. ఊరికే వచ్చిన."

నా మొహంలోకి కాసేపు చూసింది. నమ్మలేదు.

"ఊరికే ఎవరొస్తరు?" అంది. "చెప్పు, ఏ దవాఖానకు పోవాలె?"