వదులు కాజాలు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ కాజాలక్క. భర్త టైలర్ మాస్టారు బట్ట కత్తిరించి మిషను మీద కుడితే, అంచు కుట్లు, హుక్కులు, చొక్కాలకు బొత్తాలు, ఆ బొత్తాలు దూరే కాజాలు ఈవిడ చేతి పని. కాజాలకి కూడా మిషన్లు వచ్చాయి కదక్కా అని ఎవరైనా అంటే, "వస్తే వచ్చాయి, మా ఇంటికి రాలేదు" అని మూతి తిప్పేది. చొక్కా పాతబడి ఇల్లు తుడిచే గుడ్డగా మారినా ఆవిడ కుట్టిన కాజా మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. పదిమందికీ తెలియాలన్న సరదా కూడా కాస్త ఉండేది.

మాస్టారు తక్కువ తినలేదు. కొలతల టేపు మెడలో అలంకారానికే ఉండేది. మనిషిని ఎగాదిగా చూసి నడుమెంతో ఛాతీ ఎంతో చెప్పేసేవారు. నోరు మిషనుతో పోటీ పడేది. ఇల్లు, కొట్టు వేరు కాదు. ముందుగదే కొట్టు, వెనకగదిలో కాపురం, మధ్యలో ఒక పరదా.

అలాంటి మనిషి ఒక ఉదయం బట్ట మీద గీత గీస్తుంటే చేతిలో సుద్ద జారిపోయింది. వంగి తీయబోతే చెయ్యి మాట వినలేదు. మూతి ఒక పక్కకి వంకరపోయింది. ఎదురింటివాళ్ళు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చబట్టి ప్రాణం దక్కింది. మాట తేరుకుంది, నడక కొన్నాళ్ళకి గాడిన పడింది. కుడి చెయ్యే మొండికేసింది. వేళ్ళు కదిలేవి గానీ వాటి కింద ఉన్నది బట్టో బల్లో తెలిసేది కాదు.

అదే ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ చేతుల మీద ఒక పరిశోధన నడుస్తోంది. ఒప్పుకున్నవాళ్ళని రెండు జట్లుగా చేస్తారు. ఒక జట్టుకి మామూలు వ్యాయామాలు. రెండో జట్టుకి మంచి చేతికి మందపాటి తొడుగు వేసి, మెలకువగా ఉన్నంతసేపూ పనులన్నీ పాడైన చేత్తోనే చేయిస్తారు. ఎవరు ఏ జట్టో కంప్యూటరు తేలుస్తుంది. మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి చేతిని పరీక్షించే ఆవిడ వేరే ఉంటుంది. ఎవరిది ఏ జట్టో ఆవిడకి తెలియకూడదు, తెలిస్తే తీర్పు అటో ఇటో మొగ్గుతుందని. మాస్టారు తొడుగు జట్టులో పడ్డారు. "నాకు తొడుగేశారన్న సంగతి ఎవరికీ చెప్పకూడదట" అని ఆసుపత్రి వరండాలో కనబడిన ప్రతివాడికీ చెప్పారు. పరీక్షలావిడ అటువైపు రాకపోవడం పరిశోధన చేసుకున్న పుణ్యం.

వ్యాయామాలు నేర్పే ఫిజియో అమ్మాయి కాజాలక్కని పక్కకి పిలిచింది.

"అమ్మా, మాస్టారు తంటాలు పడుతుంటే మీకు చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. వెయ్యకండి. మీరు చేసిపెట్టినకొద్దీ మెదడు ఆ చేతిని మర్చిపోతుంది. చూస్తూ ఊరుకోవడమే మీ వంతు పని."

"ఊరుకోవడమేగా, అదో పనా?" అంది కాజాలక్క.

ఆ మాట అన్నది ఆవిడే. మనం అనిపించలేదు.

తీరా ఇంటికొచ్చాక తెలిసింది. మాస్టారు పొద్దున్నే కుర్చీలో కూచుని చొక్కా బొత్తాంతో కుస్తీ పట్టేవారు. తొడుగేసిన ఎడమచెయ్యి బట్టని గుండెలకి అదిమి పట్టేది. కుడిచేతి వేళ్ళు బొత్తాన్ని కాజా దాకా తెచ్చి, అక్కడ వదిలేసేవి. మళ్ళీ తెచ్చేవి. మళ్ళీ వదిలేసేవి. నుదుటి మీద చెమట, నోట్లో తిట్లు. ఆవిడ కాసేపు గోడకేసి చూసేది, కాసేపు పొయ్యి దగ్గరికి పోయేది. చివరికి "అబ్బ, ఇలా తెండి" అని చకచకా బొత్తాలన్నీ పెట్టేసేది.

ఒకరోజు అలా పెడుతుండగానే వీధిచివర టీచరమ్మ లోపలికి వచ్చింది. ఎన్నో ఏళ్ళ ఖాతాదారు, మంచి మనిషి.

"అయ్యో రాత! ఊరందరికీ చొక్కాలు తొడిగిన మాస్టారు చంటిపిల్లాడైపోయారే!" అని జాలిగా నవ్వింది.

మాస్టారు కూడా నవ్వారు. కాజాలక్క నవ్వలేదు. ఒళ్ళంతా భగ్గుమంది. సిగ్గు. ఆ సిగ్గు ఆయన కోసం పడింది కాదు. ఊళ్ళో పేరున్న టైలరు పెళ్ళానికి, చొంగ తుడుచుకుంటూ గుండెలు చూపిస్తూ కూచున్న మనిషికి బొత్తాలు పెట్టాల్సి వచ్చిందే, అది టీచరమ్మ చూసిందే అని. మర్నాటి నుంచి ఆయన చొక్కా తొడిగే వేళకి కొట్టు తలుపు మూసేసేది. "గాలి కొడుతోంది" అనేది. ఆకు కూడా కదలని రోజుల్లో కూడా ఆ మాటే.

తలుపు మూసినా సిగ్గు లోపలే ఉండిపోయింది. అప్పుడు ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. వీధిలో ఇంకెవరికీ రాని ఆలోచన, ఎందుకంటే అది చేయగల చెయ్యి ఇంకెవరికీ లేదు. మాస్టారు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా ఆయన చొక్కాలన్నీ ముందేసుకుంది. ఒక్కో కాజా కొసని బ్లేడుతో పిసరంత కోసి, కోసిన అంచుకి అదే రంగు దారంతో, అదే దగ్గర కుట్టు వేసింది. తాను కుట్టిన కాజాని తానే పాడు చేస్తూ, ఆ పాడు పనినీ ఎంత శుభ్రంగా చేసిందంటే పక్కన పెట్టి చూసినా తేడా కనబడదు. బొత్తాం పెడితే మాత్రం తలుపు లేని గుమ్మంలోంచి పోయినట్టు పోతుంది.

మర్నాడు మాస్టారు పై బొత్తాం తెచ్చారు, నెట్టారు. దూరింది. ఆయన ఆగిపోయి కిందికి చూసుకున్నారు. రెండోదీ దూరింది.

"ఏమేవ్! ఇటు రా! చూడు!"

ఆ కేక వీధి చివరికి వినబడింది. ఆవిడ వచ్చి చూసి, "అమ్మయ్య" అంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే తన కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన చొక్కా కాలరు సర్దింది. మాస్టారికి అనుమానం రావడానికి దారే లేదు. కుడివేళ్ళకి స్పర్శ లేదు, ఎడమచెయ్యి తొడుగులో ఉంది. పైగా భార్య కుట్టిన కాజాని శంకించడం ఆయన జన్మలో ఎరగరు.

వారం వారం ఫిజియో అమ్మాయి ఫోన్ చేసేది. "మాస్టారు సొంతంగా ఏమేం చేసుకుంటున్నారమ్మా?"

"బొత్తాలు పెట్టుకుంటున్నారు. నేను చెయ్యే వెయ్యడం లేదు."

అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. అందుకే ఫోన్ పెట్టేశాక ఆవిడకి అన్నం సయించేది కాదు.

మాస్టారు మాత్రం రెక్కలొచ్చినట్టు తయారయ్యారు. మిషను మీద కప్పిన దుప్పటి తీయించారు. నూనె పోయించారు. "పరీక్ష కానీ, మళ్ళీ మిషనెక్కుతాను. టీచరమ్మ జాకెట్లు నా చేత్తోనే" అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పారు. ఆవిడకి భయం పట్టుకుంది. ఈ మనిషి ఆశంతా ఆ బొత్తాల మీదే నిలబడింది. అది కూలితే ఇక ఆ చేతిని ఒళ్ళో పడేసుకుని గోడవారగా కూచుండిపోతాడు. చెప్పేద్దామని నోరు తెరిచి, "కాఫీ తాగుతారా?" అని అడిగి ఊరుకునేది.

మధ్యలో జరిగే పరీక్ష రోజున, ఏ జట్టో తెలియకుండా తొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళారు. చిన్న గది, బల్ల, అటు పరీక్షలావిడ, ఇటు మాస్టారు, మూల కుర్చీలో కాజాలక్క. మాస్టారు పాడైన చేత్తో గ్లాసు ఎత్తారు. తాళంచెవి తిప్పారు. చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టారు. నిజంగానే చెయ్యి మెరుగుపడింది. పరీక్షలావిడ తలూపుతూ బొత్తాలు, కాజాలు కుట్టిన గుడ్డ ముందుకి జరిపింది.

"ఇది చూడండి, తేల్చేస్తాను" అన్నారు మాస్టారు, మూలకి చూసి కన్నుగీటి.

బొత్తాం కాజా దాకా వెళ్ళింది. ఆగింది. మళ్ళీ నెట్టారు. వేళ్ళు జారాయి. మళ్ళీ.

"ఎవరమ్మా ఈ కాజా కుట్టింది? బొత్తాం కంటే చిన్నదిగా ఉంది. కొలత తెలియని చెయ్యి" అన్నారు మాస్టారు.

"అందరికీ ఇదేనండి" అంది పరీక్షలావిడ మెల్లగా.

మాస్టారు ఎడమచేతి బొటనవేలితో ఆ కాజాని తడిమారు. పనివాడి వేలు, ఒక్క క్షణం చాలు. కాజా సరిగ్గానే ఉంది. ఆయన వేలు అక్కడి నుంచి లేచి, తన గుండెల మీది చొక్కాకి వచ్చింది. పై కాజాని తడిమింది. దాని కింది దాన్ని తడిమింది. కొస దగ్గర కొత్త దారం కాస్త గరుకుగా తగిలినట్టుంది, వేలు అక్కడ నిలిచిపోయింది.

ఆయన మూలకి తిరిగి చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"తప్పు కాజాది కాదమ్మా. నాకు రావడం లేదు. అలాగే రాసుకోండి" అన్నారు.

దారంతా మాట లేదు. మాట తడబడిన రోజుల్లో కూడా ఆ నోరు ఇలా మూతబడటం ఆవిడ చూడలేదు. ఇంట్లోకి రాగానే ఆయన కుర్చీలో కూలబడి కుడిచేతిని ఒళ్ళో పెట్టుకున్నారు, ఆవిడ భయపడినట్టే.

"నా మీద జాలేసిందా?" అన్నారు.

ఔనంటే సరిపోయేది. భర్త మీద జాలి పడటం తప్పని ఎవరూ అనరు. ఆ మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదండీ. సిగ్గేసింది" అంది. "టీచరమ్మ చూసిందని సిగ్గేసింది. మీరు నా కళ్ళముందు అలా... నేను చూడలేకపోయానండీ. నేనే, నాకోసమే చేశాను."

ఆయన మొహం పాలిపోయింది. ఆవిడ అక్కడే నిలబడి, తన కంటే తక్కువ మనిషి ఆ వీధిలో లేదనుకుంది.

మర్నాడు ఆవిడే ఫిజియో అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది.

"అదీ రాసుకోవాలమ్మా" అంది ఆ అమ్మాయి. "మీరు చెప్పకపోయుంటే మా లెక్క తప్పేది, ఇంకొకరి చేతికి తప్పు వైద్యం చేసేవాళ్ళం. ఇంకా వారాలున్నాయి. మాస్టారిని ఆపెయ్యొద్దని చెప్పండి."

"నా మాట వింటారో లేదో" అంది కాజాలక్క.

ఫోన్ పెట్టేసి పరదా తీసేసరికి మాస్టారు కుర్చీ దగ్గర లేరు. కొట్టు గుమ్మంలో, వెలుతురులో బల్ల వేసుకుని కూచున్నారు. ఎడమచేతికి తొడుగుంది. ఒళ్ళో నిన్నటి చొక్కా.

"సూదిలో దారం ఎక్కించియ్యి" అన్నారు. "ఎక్కించి, ఆ చేతులు కట్టుకుని ఎదురుగా కూచో."

ఎక్కించి ఇచ్చింది. సూది ఆయన వేళ్ళలోంచి జారి కింద పడింది. ఆయన వంగి వెతుక్కున్నారు. ఆవిడకి ముందే కనబడింది, అయినా చెప్పలేదు. మొదటి కుట్టు కాజా కొసకి కాకుండా పక్కన పడింది. రెండోది మరీ దూరం పోయింది. దారం ముడిపడింది. ఏడేళ్ళ పిల్ల కూడా అంతకంటే బాగా కుడుతుంది. ఆవిడ వేళ్ళు నొప్పెట్టేలా రెండు చేతులూ ముడేసుకుంది. ఊరుకోవడం ఎంత పనో ఆ ఉదయం తెలిసొచ్చింది.

అప్పుడే టీచరమ్మ అటుగా వస్తూ గుమ్మం ముందు ఆగింది. చెమటలు కక్కుతూ, నాలిక బయటపెట్టి, చిరిగిన గుడ్డలా ఉన్న కుట్టుతో కుస్తీ పడుతున్న మాస్టారిని చూసి అక్కడే నిలబడిపోయింది.

మాస్టారు తలెత్తలేదు. భార్యతోనే అన్నారు, "ఏమేవ్, గాలి కొడుతున్నట్టుంది. తలుపు వేస్తావా?"

కాజాలక్క మొహం కందిపోయింది. లేచింది. మూసే అలవాటున్న ఆ తలుపు రెక్కని గోడకి ఆనేదాకా తెరిచి, మళ్ళీ వచ్చి ఎదురుగా కూచుంది.

"రా టీచరమ్మా" అంది. "నేను పాడుచేసిన కాజాలు మా ఆయన బాగుచేస్తున్నారు."