వాసన లేని ఆలివ్ నూనె

నన్ను కన్న మా అవ్వకు చూపు పోయి తొమ్మిదేళ్లయింది. అయినా ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో కళ్లున్న మాకన్నా ఆమెకే బాగా తెలుసు. వాసన పట్టి చెబుతుంది. నా తల పల్లి నూనె, నా భార్య తల కొబ్బరి నూనె, పక్కింటాయన మోకాళ్ల మందు. గానుగ ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి కదా, మనుషుల్ని కూడా సీసాల్లాగే గుర్తుపెట్టుకుంది.

ఆ గానుగ మా ఊరు కోహెడలో ఉండేది. ఆరో తరగతిలో బడి మానేసి నేను దాని ఎద్దు వెనక తిరిగాను. ఎద్దుకూ నాకూ తేడా ఒక్కటే, దాని కళ్లకు గంతలు కట్టేవారు. గానుగ మూతపడి సిద్దిపేటకు వచ్చేశాక కూడా, నూనె విషయంలో నా ముక్కునూ నాలుకనూ మించినవి లేవని నాకో పొగరు మిగిలింది.

మా బిడ్డ తొలి కాన్పుకు మా ఇంటికొచ్చింది. పాప నెల ముందే పుట్టి, పద్దెనిమిది రోజులు దవాఖానాలో అద్దాల పెట్టెలో ఉండి, మూరెడు కూడా లేకుండా ఇల్లు చేరింది. అవ్వ కాళ్లు చాపుకొని, వాటి మీద పిల్లను పండబెట్టుకొని, నువ్వుల నూనెతో ఒళ్లు రుద్దడం మొదలుపెట్టింది. మా వాడకట్టులో సగం మంది పిల్లలు ఆ కాళ్ల మీద స్నానాలు చేసినవాళ్లే. నాలుగో రోజుకు పాప వీపు ఎర్రగా పొక్కింది. డాక్టరమ్మ నువ్వుల నూనె ఆపమంది, అసలైన ఆలివ్ నూనె దొరికితే రెండు చుక్కలు వాడి చూడమంది. ఇంత చిన్న ప్రాణాన్ని చూపు లేని మనిషి చేతుల్లో పెట్టాలా అని మా బిడ్డకు లోపల భయం ఉంది. పైకి అనలేదు. ఇంకొక్క తప్పు జరిగితే అత్తగారింటికి తీసుకుపోతుందని నాకు తెలుసు.

పెద్ద దుకాణానికి పోయి నల్లటి గాజు సీసా ఒకటి తెచ్చాను. మూత తీస్తే అప్పుడే కోసిన పచ్చగడ్డి వాసన. నాలుక మీద చేదు. మింగాక గొంతు పట్టుకుని దగ్గొచ్చింది. మా గానుగలో గొంతు పట్టిందంటే పురుగు పట్టిన గింజ ఆడించినట్టే. అలాంటి నూనెను మా బాపు గడప దాటనిచ్చేవాడు కాదు. ఆ సీసాను అటక మీదికి తోసి, మళ్లీ పోయి ఇంకో రకం తెచ్చాను. తెల్లటి ప్లాస్టిక్ సీసా. అవతల నిలబడ్డ మనిషి కనిపించేంత తేట. వాసన లేదు, చేదు లేదు, గొంతులో దిగిందో లేదో కూడా తెలియలేదు. ఇంత మర్యాద తెలిసిన నూనెను నా జన్మలో చూడలేదని ఇంట్లో అందరికీ గొప్పలు చెప్పాను.

మొదటి రోజు అవ్వ చేతులు మెల్లబడ్డాయి. రెండో రోజు రుద్దడం ఆపి ఆపి పాప ముఖం తడిమింది. మూడో రోజు వాకిట్లో ఎండ బాగా కాస్తోంది. అవ్వ రెండు చేతులూ గాలిలోకి ఎత్తి అలాగే ఉండిపోయింది.

"పిల్లను ఏడ పెట్టిన్రు?"

నేను నవ్వాను. సంతకు తోలినమన్నాను. అవ్వ నవ్వలేదు.

"నా ఒళ్లె ఎవ్వలు లేరు బిడ్డా."

పాప ఆమె కాళ్ల మీదే ఉంది. ఏడవడం లేదు, కదలడం లేదు. ఆ చూపులేని కళ్లలోకే చూస్తోంది. ఖాళీ ఒడితో లేచినట్టు అవ్వ కాళ్లు ముడిచింది. మా బిడ్డ ఎట్లా దూకిందో, జారిపోతున్న పిల్లను పట్టుకుంది. మరుక్షణమే లోపలికి పోయి మొగుడికి ఫోన్ చేసి, పొద్దున్నే వచ్చి తీసుకుపొమ్మంది.

అవ్వకు మతి పోయిందనుకున్నాను. తిరగబడ్డ గిన్నెను ఎత్తుతుంటే చేతికి నూనె అంటింది. గానుగవాడి అలవాటు, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. చెమట వాసన లేదు, తంబాకు వాసన లేదు. నూనె అంటినంత మేర ముక్కుకు నా చెయ్యే లేదు.

రెండు సీసాలూ తెచ్చి మా బిడ్డ ముందు పెట్టాను. నాకు ఇంగ్లీషు రాదు. ముందు పెద్దక్షరాలు చూసి కొన్నాను కానీ సంగతంతా వెనక చీమలంత అక్షరాల్లో ఉంది. తెల్లసీసాలో ఆలివ్ కొంచెమే, మిగతాదంతా వేడిచేసి, వాసనా రంగూ తీసేసిన వేరే నూనె. నల్లసీసాలోది వేడి తగలకుండా పిండింది, కాయలు కోసిన నెల కూడా రాసి ఉంది. వెలుతురు తగిలితే పాడవుతుందనే నల్లగాజు. మా బిడ్డ ఫోన్‌లో ఇంకాస్త చదివి నా ముఖం చూసింది.

"బాపూ, చేదుండి గొంతు వడితేనే అసలుదట."

అవ్వకు రెండు మూతలూ వాసన చూపించాను. నల్లదాని దగ్గర ఆగింది.

"గిది చెట్టుకెల్లి వచ్చింది కొడుకా. గది ఏడికెల్లి రాలే."

పొద్దున మా బిడ్డ పక్కనే కూర్చుని, పాప కింద తన చెయ్యి పెట్టి, ఇదొక్కసారేనంది. అవ్వ రెండు చుక్కలు అరచేతుల్లో రాసుకుంది. వాకిట్లో పచ్చగడ్డి వాసన లేచింది. ఆమె వేళ్లు పాప పొట్ట మీద ఆగిపోయాయి.

"మూడొద్దులు ఏడికి వోయినవే తల్లీ?" అని మెల్లగా అడిగింది.

పాప గట్టిగా ఏడ్చింది. మూడు రోజుల్లో అదే మొదటిసారని అప్పుడు గుర్తొచ్చింది. మా బిడ్డ కింద పెట్టిన చేతిని మెల్లగా తీసేసుకుంది. తర్వాత అల్లుడికి ఫోన్ చేసి, ఇప్పుడే రావద్దంది.

మిగిలిన తెల్లసీసా పారబోయడానికి నాకు మనసొప్పలేదు. మర్నాడు పొద్దున్నే తలకు దట్టంగా పట్టించుకుని బజారుకు పోయాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి, వాకిలి తలుపు తోసి లోపల కాలు పెట్టాను. అవ్వ ఎదురుగానే కూర్చుని ఉంది, పాప కాళ్ల మీద ఉంది. పాప నన్ను చూసింది. అవ్వ నా దిక్కు ముఖం తిప్పి, కాసేపు గాలి పీల్చి, లోపలికి కేకేసింది.

"బిడ్డా, తలుపు గాలికి తెరుసుకున్నది. జర ఏయి."

వెనక్కి తిరిగి, బయట నల్లా తిప్పి, నీళ్ల కింద తల పెట్టాను.